గుర్రానికి గడ్డి ఎవరు వేశారు

మా మనవరాలు ఈ ఏడాది ప్రపంచమంతా చదివి పారేస్తానని శపథం పట్టింది. ఒక్కో దేశానికి ఒక్కో నవల. చదవడం అయిపోగానే ఫోనులో ఉన్న పటం మీద ఆ దేశానికి రంగు వేసుకుంటుంది. రోజూ సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని, కాళ్ళు గోడకు తన్నిపెట్టి కూర్చుంటుంది. చదువుకునే పిల్లను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు అనుమానం వేస్తుంది. పుస్తకం తెరిచే ఉంటుంది గానీ పేజీ ఎంతకీ తిరగదు. మధ్యమధ్యలో తనలో తనే నవ్వుకుంటుంది. ఆ నవ్వు పుస్తకంలోంచి వచ్చిందా, మరెక్కడి నుంచైనా వచ్చిందా అని నేను బియ్యం ఏరుతూ ఒక కన్ను అటే వేసి ఉంచుతాను.

"ఏందవ్వా, అట్ల చూస్తాండావు?" అంది నిన్న.

"ఏం లే. ఆ పుస్తకం ఎవరిచ్చినారు?"

"లైబ్రరీలో తెచ్చుకున్నా."

"లైబ్రరీలో ఎవరిచ్చినారు?"

అది పుస్తకం ఒళ్ళో పడేసుకుని పడీపడీ నవ్వింది. "నువ్వు పోలీసు కావాల్సింది అవ్వా!"

పోలీసును కాలేదు గానీ ఆ విద్య రాదని మాత్రం అనను. దాని కంటే చిన్న వయసులో, ఏడాది పొడుగునా నేనూ పరదేశాల నవలలే చదివాను. ఒంటరిగా కాదు. గొంతెత్తి, చేతుల్లో సుత్తులున్న ఆడవాళ్ళ మధ్యలో కూర్చుని చదివాను. నాకీ అనుమానం అంటించింది వాళ్ళే.

మాది మార్కాపురం. అప్పట్లో ఊళ్ళో ఏ సందులోకి తిరిగినా పలకల పనే. కోసిన పలకలు దొంతరలు దొంతరలుగా ఫ్యాక్టరీ నుంచి మా ఇంటికి వచ్చేవి. ఉప్పుకాగితంతో అంచులు రుద్ది, నీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, నాలుగు వైపులా చెక్క చట్రం బిగించి, మూలల్లో చిన్న చిన్న మేకులు కొట్టి తిరిగి పంపాలి. మా పెరట్లో రేకుల పంచ కింద సందులోని ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని ఈ పని చేసేవాళ్ళు. తడిసిన పలకకు ఒక వాసన ఉంటుంది. వేసవిలో తొలి చినుకు పడ్డ బండ దగ్గరికి వంగితే వచ్చే వాసన అది. పొద్దున్నే ఆ వాసన, పది దాటాక వేయించిన వేరుశనక్కాయల వాసన, మధ్యాహ్నం సజ్జరొట్టెలోకి చింతకాయ పచ్చడి వాసన. ఈ మూడింటితోనే మాకు పొద్దు తెలిసేది.

ఆ పంచకు పెద్ద దిక్కు మా జేజి, అంటే మా నాయన తల్లి. ఆమె నమ్మిన మనిషిని నేను చూడలేదు. పాలవాడు వస్తే వేలు ముంచి చూసేది. కొనుక్కున్న చింతపండును ఇంటికి తెచ్చి మళ్ళీ తూచేది. ఎవరైనా మిఠాయి తెచ్చిస్తే నోట్లో వేసుకునే ముందు, "ఇప్పుడెందుకు తెచ్చినట్టు?" అని అడిగేది. మా నాయన ఆమె కడుపున పుట్టిన కొడుకు, ఆయన బజారు నుంచి ఆలస్యంగా వచ్చినా ఎదురుగా నిలబెట్టి రెండు వేర్వేరు ప్రశ్నలు వేసి, జవాబులు కలుస్తాయో లేదో చూసుకునేది. ఆమె పక్కన ఎప్పుడూ ఖాలా కూర్చునేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, సందంతా ఆమెను అట్లాగే పిలిచేది. ఖాలా వాళ్ళది మా ఎదురిల్లు. వాళ్ళాయన సాయంత్రాలు బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండి పెట్టేవాడు. జేజి అనుమానించిన వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకోవడం ఖాలా పని. ఇద్దరికీ ఒక్క క్షణం పడదు, ఒకరు రాని రోజు ఇంకొకరికి చేయి ఆడదు.

మా వీధి గదిలో కొన్నాళ్ళు ఒక బడి అయ్యవారు అద్దెకున్నాడు. బదిలీ అయి వెళ్తూ ఒక రేకు పెట్టె మా ఇంట్లో వదిలి, మళ్ళీ వచ్చి తీసుకుపోతానన్నాడు. రాలేదు. "ఆ పెట్టెలో ఏముందో, మన మెడకేం చుట్టుకుంటాదో" అని జేజి చాలా రోజులు దాన్ని ముట్టుకోనివ్వలేదు. చివరికి ఆమె నిలబడి చూస్తుండగా మా నాయన తాళం పగలగొట్టాడు. చూస్తే అన్నీ పుస్తకాలు. పరదేశాల నవలలు, తెలుగులోకి మార్చి రాసినవి. మంచు దేశాలవి, ఎడారి దేశాలవి, దీవులవి, కొండలవి. జేజి ఒక్కోదాన్నీ తలకిందులుగా పట్టుకుని దులిపింది. ఏమీ రాలలేదు. అప్పటికీ ఆమెకు నమ్మకం కుదరలేదు.

పలకల దుమ్ముకు నాకు దగ్గు వచ్చేది. అందుకని నన్ను పనిలో కూర్చోబెట్టేవాళ్ళు కాదు. ఇంట్లో రేడియో మూగబోయి ఉంది. "అరే, బడికి పోయే పిల్ల ఊరికే కూర్చోని ఉంది. ఆ కితాబులు చదవమంటే పోలా?" అని ఖాలానే మొదట అంది. బడి ఉన్న రోజుల్లో సాయంత్రాలు, సెలవుల్లో పొద్దంతా నాకదే పని అయింది. నేను చదువుతుంటే సుత్తులు మెల్లగా పడేవి. కథ ముదిరితే ఆగిపోయేవి.

మొదటి పుస్తకం మంచు దేశంది. అందులో ఒకే మనిషిని తల్లి ఒక పేరుతో, స్నేహితుడు ఇంకో పేరుతో, పై అధికారి మరో పేరుతో పిలిచేవాళ్ళు. నాలుగు పేజీలు చదివేసరికి జేజి చేయెత్తి ఆపింది.

"ఆగు పాపా. వీళ్ళు ముగ్గురా, ఒకడేనా?"

"ఒకడే జేజీ."

"ఒకడికి మూడు పేర్లేంది? వాడు దొంగనాయాలు. ఎక్కడో ఏదో చేసి వచ్చినాడు."

"వాళ్ళ దేశంలో అట్లనే పిలుస్తారేమో పెద్దమ్మా" అంది ఖాలా. "మా ఇంట్లో నన్ను ఒక పేరుతో పిలుస్తారు, మీరు ఖాలా అంటారు. నేను దొంగనా?"

"నీ సంగతి తర్వాత చూద్దాం" అంది జేజి.

పాపం ఆ మంచు దేశపు మనిషి పుస్తకమంతా మంచి పనులే చేశాడు. చివర్లో ఎవరి కోసమో ప్రాణం కూడా వదిలాడు. మా పంచలో మాత్రం ఆఖరి పేజీ దాకా అతను ఎప్పుడు బయటపడతాడా అని కంట్లో వత్తులు వేసుకుని కాచుకున్నారు. అతను చచ్చిపోయాక కూడా జేజి ఒప్పుకోలేదు. "సచ్చినాడని ఎవరు చూసినారు? రాసినాయన చూసినాడా?" అంది.

అట్లా మొదలైంది. ప్రతి నవలకూ పంచాయితీ. ఎడారి దేశపు కథలో అన్నదమ్ములు ఒక బావి కోసం కొట్టుకుంటే మాకెవరికీ వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది. నీళ్ళ బండి దగ్గర బిందెలు విసురుకున్న వాళ్ళమే అందరం. దీవి కథలో అల్లుడు ఊరికూరికే చేపలు తెచ్చి అత్తకిస్తుంటే, కంభం చెరువు చేపలు తెచ్చిచ్చి పొలం రాయించుకున్న ఎవరో అల్లుడి కథ బయటికొచ్చి, మధ్యాహ్నమంతా నవల ముందుకు సాగలేదు. నేను కూడా వాళ్ళలాగే తయారయ్యాను. బళ్ళో అయ్యవారు పాఠం చెబుతుంటే ఈయన ఏదో దాస్తున్నాడనిపించేది. అమ్మ నాకు రెండో లడ్డు ఇస్తే పొద్దున నుంచి ఏం జరిగిందో వెనక్కి ఆలోచించుకునేదాన్ని.

ఈ పంచాయితీల్లో నోరు మెదపనిది మా చిన్నత్త ఒక్కతే. నాయనకు చెల్లెలు. పలకలు లెక్కపెట్టి దొంతరలు పేర్చడం ఆమె పని. పుస్తకాల పెట్టెకు జేజి కొత్త తాళం వేయించి, తాళంచెవి కూడా ఆమెకే అప్పజెప్పింది. ఆమెను చిన్న వయసులోనే ఒకతనికి ఇచ్చి చేశారు. కొన్నేళ్ళకు మా నాయన వెళ్ళి వెంటబెట్టుకుని వచ్చేశాడు. పెద్దమనుషులు కూర్చుని తెగతెంపులు చేశారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. మేము అడగలేదు. ఆమె పలకలు పేర్చుకుంటూ నవలలు వినేది, అంతే. నేను అందరినీ గమనించేదాన్ని గానీ ఆమెను గమనించాలని ఎప్పుడూ అనుకోలేదు. మాట్లాడని మనిషి మీద ఎవరి చూపూ నిలవదు.

సెలవుల్లో ఒక కొండ దేశపు నవల పట్టుకున్నాం. ఒంటరి ఆడమనిషి, సొంత ఇల్లు, కాస్త పొలం. ఒక మెత్తని మనిషి ముసలి గుర్రాన్ని నడిపించుకుంటూ ఆ ఊరికి వస్తాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆమెను పెళ్ళి చేసుకుంటాడు. మెల్లమెల్లగా ఇంటి తాళాలన్నీ అతని మొలకు చేరతాయి. చలికాలంలో ఒకరోజు తాళాలు వేసుకుని, ఎవరి బండిలోనో దూరపు సంతకు వెళ్ళిపోతాడు. గాదె తాళంచెవి కూడా అతనితోనే పోతుంది. బయట మంచు, ఇంట్లో గింజ లేదు. అతను కావాలనే తాళం పట్టుకుపోయాడా, మరిచిపోయాడా అన్నది రాసినాయన తేల్చకుండానే పుస్తకం ముగించాడు.

మా పంచ అట్టుడికిపోయింది. "తేల్చకుండా ఎట్ల వదిలేస్తాడు? పాపా, ఆఖర్న కాగితం ఏమన్నా చినిగిందా చూడు" అంది జేజి. నేను పుస్తకం ఆమె చేతికే ఇచ్చాను. ఆమె కుట్టు దగ్గర వేలు పెట్టి తడిమి చూసింది. రోజుల తరబడి వాదులాడుకున్నారు. మరిచిపోయి ఉంటాడని ఖాలా, కావాలనే చేశాడని జేజి. చివరికి తీర్పు జేజిదే అయింది. మెత్తగా మాట్లాడే మగవాడిని ఇంటి గడప తొక్కనివ్వకూడదని తేల్చారు. ఆ తీర్పు ఎవరి మెడకు చుట్టుకుంటుందో అప్పుడు ఎవరికీ తెలియదు.

కొన్నాళ్ళకు ఆ పుస్తకం మాయమైంది. పెట్టెలో మిగతావన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. నా అనుమానం నేరుగా ఖాలా ఇంటి మీదికి పోయింది. సాయంత్రం బస్టాండుకు వెళ్ళి, బజ్జీల బండి చుట్టూ తిరిగి, పొట్లం కట్టే కాగితాలన్నీ చూశాను. పాత పేపర్లే ఉన్నాయి. ఊరికే తిరుగుతున్నానని ఖాలా వాళ్ళాయన జాలిపడి రెండు బజ్జీలిచ్చాడు. వాటిని చుట్టిన కాగితం కూడా విప్పి చదువుకున్నాను. సెలవులు అయిపోయే లోపల పుస్తకం మళ్ళీ పెట్టెలో ప్రత్యక్షమైంది. తెరిస్తే పేజీల మధ్య కట్టె పొట్టు రాలింది. మా ఇంట్లో రాలేది పలకల బూడిద దుమ్ము. ఇది ఎర్రటి పొట్టు, పచ్చి కట్టె వాసన. ఎవరికీ చెప్పలేదు. నేనే పట్టుకోవాలని పంతం.

మా పలకలకు చట్రాలు గిద్దలూరులోని ఒక కట్టెలు కోసే మిషను నుంచి వచ్చేవి. వారం వారం ఒకాయన ఆ కట్టలు రైల్లో వేసుకొచ్చి, స్టేషను నుంచి బండి మీద మా పెరట్లోకి తెచ్చి దించేవాడు. మేమంతా చట్రాలాయన అనేవాళ్ళం. దించుతాడు, మంచినీళ్ళు తాగుతాడు, వెళ్ళిపోతాడు. భార్య పోయిన మనిషి అని మాత్రం తెలుసు. కట్టలు దించేటప్పుడు నా చదువు చెవిన పడుతుందని మేమెవరం అనుకోలేదు. ఆ ఏడాది చివర్లో ఒక పొద్దున ఖాలా సుత్తి పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, జేజితో అసలు సంగతి చెప్పింది. చట్రాలాయన మా చిన్నత్తను చేసుకుంటానని ఖాలా వాళ్ళాయనతో అన్నాడట.

మా వాళ్ళలో మారుమనువు కొత్తేమీ కాదు. కొత్తది ఏమిటంటే ఒక మనిషి తనంతట తాను అడగడం. జేజి చేతిలోని పలక కింద పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది.

"పెండ్లాం ఎట్ల పోయింది?"

"జరమొచ్చి పోయిందంట."

"ఏం జరం?"

"నాకేం తెలుసు పెద్దమ్మా, డాక్టర్నా నేను?"

"మనిషి మెత్తన. గొంతు బయటికే రాదు." జేజి కళ్ళు చిన్నవయ్యాయి. "ఇంకోటి చూసినావా? మొదటిరోజు నుంచి వాడు నన్ను అత్తా అనే పిలుస్తాండాడు. మీరందరూ పెద్దమ్మా అంటారు. వాడు ఒక్కనాడన్నా పెద్దమ్మా అన్నాడా?"

అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. మా వైపు ఎవరు ఎదురైనా ఏదో ఒక వరస కలిపి పిలవాలి. పెద్దమ్మా అంటే ఆమె కూతురు చెల్లెలవుతుంది. అత్తా అంటే మరదలవుతుంది. ఏడాది కిందటే ఆ మనిషి దారి తెరిచి పెట్టుకున్నాడన్నమాట. ఇంతటి సంగతి అన్ని నవలలు ఆరా తీసిన మాకు ఎవరికీ తట్టనే లేదు.

జేజి మా నాయనను గిద్దలూరు పంపింది. నాయన రెండు రోజులు ఉండి, మిషను దగ్గరా, ఆయన ఉండే వీధిలోనూ, మొదటి భార్య పుట్టింటివాళ్ళ దగ్గరా విచారించి వచ్చాడు. అందరూ మంచి మనిషి అనే చెప్పారు. జేజి ముఖం ఇంకా ముడుచుకుంది.

"ఊరంతా మంచోడంటాండారా? ఒక్కడు గూడ చెడ్డ చెప్పలేదా? అయితే ఊరందరికీ ఏదో చెప్పి పెట్టినాడు."

"మరి ఇంకెట్ల తెలుసుకుందామంటావమ్మా?" అని నాయన విసుక్కున్నాడు.

అప్పుడు జేజికి ఆ ఆలోచన వచ్చింది. ఆయనకు కొండ దేశపు నవల వినిపించాలి. ఆ మొగుడు గాదె తాళం పట్టుకుపోయిన భాగం. విన్నాక ఎవరి వైపు మాట్లాడతాడో చూడాలి. మనిషి తన సంగతి అడిగితే దాస్తాడు, పరాయివాడి సంగతి అడిగితే దాచడం రాదు అని ఆమె లెక్క. నాయన తల పట్టుకున్నాడు. ఖాలాకు మాత్రం తెగ నచ్చింది.

పెళ్ళిచూపుల్లో పిల్లను కూర్చోబెట్టి పాట పాడమంటారు. మా ఇంట్లో పిల్లవాడిని కూర్చోబెట్టి నవల వినిపించారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పంచలో నులకమంచం వేశారు. ముందు బొరుగుల ఉగ్గాని పెట్టారు, పైన రెండు మిరపకాయ బజ్జీలు. ఆడవాళ్ళంతా ఏమీ ఎరగనట్టు మేకులు కొడుతున్నారు. ఒక్క మేకూ సరిగ్గా దిగలేదు, చూపులన్నీ ఆయన ముఖం మీదే ఉన్నాయి. చిన్నత్త వంటింట్లో ఉంది. నేను ఆయనకు దగ్గరగా పీట మీద కూర్చుని చదివాను. అతను బండెక్కడం, ఆమె గాదె దగ్గరికి పోవడం, తాళం చూడడం, మంచులో నిలబడిపోవడం. ఆయన ఉగ్గాని ముట్టకుండా తల వంచుకుని విన్నాడు.

"ఏమయ్యా" అంది జేజి, ఏదో ఊసుపోక అడిగినట్టు. "ఆ మొగుడు కావాలనే చేసినాడంటావా, మరిచిపోయినాడంటావా?"

ఆయన ఉగ్గాని గిన్నె పక్కకు జరిపాడు. చట్రం ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని అంచు తడుముతూ, "అది నాకేం తెలుస్తాది అత్తా" అన్నాడు. "ఆయనకొక ముసలి గుర్రం ఉండె గదా. దాన్ని ఇంటి కాడనే వదిలిపెట్టి పోయినాడు. గాదెకు తాళమేసుకోని పోతే, ఆ గుర్రానికి గడ్డి ఎవరేసినారు? అది తెలిస్తే మనిషి ఎట్లాంటోడో తెలిసిపోతాది."

సుత్తులన్నీ ఆగిపోయాయి. రోజుల తరబడి పంచాయితీ చేసిన మాలో ఒక్కరికీ ఆ గుర్రం గుర్తు రాలేదు. "యా అల్లా, నిజమే కదా!" అంది ఖాలా, గుండె మీద చేయి వేసుకుని. జేజి నోరు కూడా ఒక్క క్షణం తెరుచుకుంది. పుస్తకంలో ఆ సంగతి ఉందా అని నన్నడిగింది. లేదన్నాను. నోరులేని జీవం గురించి ఆలోచించిన మనిషి అని పంచలో అందరూ చెవులు కొరుక్కోవడం మొదలైంది.

నేను మాత్రం చదివిన పేజీలు మళ్ళీ వెనక్కి తిప్పాను. నేను చదివిన భాగంలో గుర్రం లేదు. ఒక్క మాట కూడా లేదు. గుర్రం వచ్చేది మొదట్లో, అతను ఊళ్ళోకి అడుగుపెట్టినప్పుడు. పుస్తకమంతా విన్న వాళ్ళు కాబట్టి మా ఆడవాళ్ళకు ఆ తేడా తెలియలేదు. మొదటిసారి వింటున్న మనిషికి గుర్రం ఎక్కడి నుంచి వచ్చింది? ఎర్రటి పొట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా గుర్తొచ్చింది. లేచి వంటింట్లోకి పరిగెత్తాను.

చిన్నత్త పొయ్యి ముందు టీ కాస్తోంది.

"పుస్తకం నువ్వే ఇచ్చినావు" అన్నాను.

ఆమె తిరిగి చూడలేదు. "ఊఁ. ఇచ్చినా. కట్టలు దించేటప్పుడు మూడు వారాలు అడిగినాడు, తర్వాత ఏమైందని. ఇచ్చినా."

"ఇప్పుడు ఇదే చదువుతారని గూడ చెప్పినావా?"

"చెప్పినా."

"మోసం కదా అత్తా!"

ఆమె గరిటె కింద పెట్టింది. అంత మెత్తగా మాట్లాడే మా చిన్నత్త గొంతులో అంత కోపం నేను అంతకుముందు వినలేదు. "నన్ను మొదటోడికి ఇచ్చేటప్పుడు ఈ ఇంట్లో ఎవరన్నా ఒక్క మాట అడిగినారా? కూర్చున్నారు, కాఫీలు తాగినారు, తాంబూలాలు మార్చుకున్నారు, లేచినారు. పాలల్లో నీళ్ళున్నాయేమోనని వేలు పెట్టి చూసే మా అమ్మకు ఆ రోజు ఏ అనుమానమూ రాలేదు. ఇప్పుడు నాకు నచ్చినోడు ఒకడు వస్తే కథలు చదివి పరీక్షలు పెడతాండారు. ప్రశ్న ముందే చెప్పినా. అయితే ఏంది?"

"గుర్రం మాట గూడ నువ్వే చెప్పినావా?" అని మాత్రం అడిగాను.

"లేదు. అది ఆయన మాటే" అంది, టీ వడకట్టుకుంటూ.

ఆ జవాబు నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమె ముఖం నా వైపు లేదు.

టీలు అయ్యాయి. ఆయనను వీధి అరుగు మీద కూర్చోబెట్టి, జేజి నన్ను దగ్గరికి పిలిచింది. నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. "పాపా, ఏడాదిగా ఇన్ని దేశాల మనుషుల సంగతులు చదివినావు. నువ్వే దగ్గర కూర్చోని చూసినావు. ఈ మనిషిని నమ్మొచ్చా? నువ్వు ఊఁ అంటే ఇస్తా, లేదంటే ఇప్పుడే పంపించేస్తా."

అందరూ నా వైపు చూస్తున్నారు. వంటింటి గుమ్మంలో చిన్నత్త కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆమె నన్ను బతిమాలలేదు, బెదిరించలేదు. నేను ఆయన ముఖం గుర్తు తెచ్చుకోబోయాను. వంచిన తల తప్ప ఏమీ గుర్తు రాలేదు. నాకు ఆ మనిషి గురించి ఏమీ తెలియదు. తెలిసిందల్లా మా చిన్నత్త మొదటిసారి ఒకటి కావాలనుకుందని. భయమేసింది. ఆమె మీద కోపంగా కూడా ఉంది. ఆ రెండిటి కన్నా ఆమె అంటే నాకు ప్రేమ ఎక్కువ.

"నమ్మొచ్చు జేజీ" అన్నాను.

గుళ్ళో పెళ్ళి చేసి, ఇంట్లో అలసంద వడలూ పాయసమూ పెట్టి గిద్దలూరు పంపారు. జేజి ఆ రోజుతో తన అనుమానం దించేసుకుంది, అల్లుడి మీద ఈగ వాలనిచ్చేది కాదు. ఆ బరువంతా నా నెత్తి మీదికి వచ్చింది. అన్నం సహించేది కాదు. నవలల్లో మెత్తని మొగుళ్ళు ఏం చేశారో అన్నీ రాత్రిపూట గుర్తొచ్చేవి. చిన్నత్త పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆమె తాళంచెవులు ఆమె దగ్గరే ఉన్నాయా అని చూసేదాన్ని. చిక్కిందా, మాట తడబడుతోందా, ఆయన పిలిస్తే ఎంత తొందరగా లేస్తోంది అని వెంటబడి చూసేదాన్ని. బాగున్నానని ఆమె అంటే, మొదటి కాపురంలో ఉన్నప్పుడు కూడా అలాగే అనేది కదా అనిపించేది. నవ్వితే ఇంకా భయమేసేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదటి కాపురం నుంచి తిరిగొచ్చాక చిన్నత్తకు ఒకటి ఉండేది. వెనక ఏదైనా గిన్నె కింద పడితే, ఏమిటా అని తిరిగి చూడదు. ముందు రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని ముడుచుకుపోతుంది. తర్వాత, పడింది గిన్నె అని తెలిసి, ఏమీ జరగనట్టు లేచి పనిలోకి పోతుంది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అందరం గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టడం నేర్చుకున్నాం, అంతే. జేజి కూడా. అట్లా ఎన్నో ఏళ్ళు మా వంటింట్లో చెంబు కింద పెట్టినా శబ్దం రాలేదు.

పెళ్ళయి ఏడాది కావస్తుండగా ఆమె వచ్చింది. వంటింట్లో గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని వంకాయలు తరుగుతోంది. నేను అటక మీది పెద్ద ఇత్తడి తాంబాళం దించుకుని ఆమె వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. వదిలేశాను.

బండల మీద పడి అది మోగిన మోతకు పంచలో సుత్తులు ఆగిపోయాయి. "ఏందే అది!" అని జేజి అక్కడి నుంచే కేకేసింది.

చిన్నత్త చేతిలో కత్తిపీట మీది వంకాయ ఆగలేదు. "ఎవురే ఆ చేతుల్లేనిది?" అంది. వెనక్కి తిరగలేదు. ఇంకో వంకాయ తీసుకుంది.

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. తాంబాళం కాలి మీద పడిందేమోనని జేజి పరిగెత్తుకొచ్చి నా పాదం పట్టుకుని తడమసాగింది. చిన్నత్త అప్పుడు తిరిగి చూసింది. నన్ను చూసింది, తాంబాళాన్ని చూసింది. ఆమెకు అర్థమైంది. కత్తిపీట మడిచి పక్కన పెట్టి, లేచి వచ్చి, తాంబాళాన్ని రెండు చేతులా తన తల ఎత్తుకు ఎత్తి, నా కళ్ళలోకి చూస్తూ తనే మళ్ళీ కింద పడేసింది.

"సరిగ్గా చూసినావా?" అంది. "ఇంకోసారి పడెయ్యమంటావా?"

జేజికి ఏమీ పాలుపోక మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆమెకూ తెలిసింది. నా పాదం వదిలిపెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో గిన్నెలు మళ్ళీ అందరి ఇళ్ళలో లాగే చప్పుడు చేశాయి.